హాక్ కింద గాయం, పైకి లేచిన దుర్మాంసం: పీఆర్పీ చేయించాలా?

మీరు రాసిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇదీ: మార్వారీ ఆడగుర్రం. వెనక కాలికి, హాక్ (కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చినట్టుండే కీలు) కింద ముందు వైపు ముళ్ళకంచె కోసుకుని చర్మం ఊడింది. ఆరు వారాలైనా మూసుకోలేదు సరికదా, ఎర్రటి కండ చర్మం కంటే ఎత్తుగా లేచింది. మీరు మైలుతుత్తం చల్లుతున్నారు. ఎవరో పీఆర్పీ (గుర్రం సొంత రక్తం నుంచి తీసే, ప్లేట్‌లెట్లు దండిగా ఉండే ప్లాస్మా) వేయిస్తే నెలలో మానిపోతుందన్నారు. చేయించాలా అని అడిగారు.

ఇప్పుడున్న స్థితిలో వద్దు. ముందు ఎక్స్‌రే తీయించండి, ఆ కండ కోయించండి. పీఆర్పీ సంగతి ఆ తర్వాత.

నేను గుర్రాల పశువైద్యుణ్ణి. చాలాకాలం రేసు గుర్రాల దగ్గర చేశాను, ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల ఫామ్‌హౌసులకూ రైడింగ్ క్లబ్బులకూ తిరుగుతుంటాను. పీఆర్పీ నేనూ వాడతాను, దాని మీద నాకు కోపమేమీ లేదు. గుర్రాల్లో దానికి పేరొచ్చింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటి నరం) దెబ్బల వల్ల. రేసు గుర్రానికి ముందు కాలి టెండన్ చిరిగితే అల్ట్రాసౌండులో చూస్తూ ఆ చిరుగులోకి ఎక్కిస్తాం. అక్కడి పేరు చూసి గాయాలకూ వాడడం మొదలుపెట్టారు. పైగా ఊళ్ళో జుట్టు రాలేవాళ్ళంతా తలకు పొడిపించుకుంటున్నారు కదా, మనిషికి పనికొచ్చింది గుర్రానికి రాదా అని అడిగే యజమానులు నాకు తరచూ తగులుతుంటారు.

అది తయారయ్యే తీరు తెలిస్తే మిగతాది సులువుగా అర్థమవుతుంది. మెడ దగ్గరి రక్తనాళం నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి, సెంట్రిఫ్యూజ్ అనే మెషీన్‌లో గిర్రున తిప్పుతాం. గుర్రం రక్తంలో ఒక వింత ఉంది: మెషీన్ లేకపోయినా ట్యూబుని స్టాండులో కాసేపు వదిలేస్తే ఎర్రకణాలు వాటంతట అవే కిందకి దిగిపోతాయి, పైన పసుప్పచ్చటి ప్లాస్మా తేరుకుంటుంది. రెండింటి మధ్య సన్నటి తెల్లగీత. తెల్లకణాలు అక్కడుంటాయి, ప్లేట్‌లెట్లు ఆ గీత దగ్గరా దాని పైనా ఉంటాయి. ప్లాస్మాను మళ్ళీ వేగంగా తిప్పి, అడుగున చేరిన ప్లేట్‌లెట్లను కొద్ది ప్లాస్మాలో కలిపితే అదే పీఆర్పీ. దానికి కాల్షియం క్లోరైడ్ తగిలిస్తే జెల్‌లా గట్టిపడుతుంది. ప్లేట్‌లెట్లలోని సంచులు విచ్చుకుని పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా లాంటి పెరుగుదల కారకాలు బయటికొస్తాయి. కొత్త కండని, కొత్త రక్తనాళాలని పెంచమని శరీరానికి చెప్పేవి అవే.

మీ గుర్రానికి కొత్త కండ తక్కువై బాధ లేదు. ఎక్కువై బాధ.

గుర్రానికి ఛాతీ మీదో పిరుదు మీదో గాయమైతే చుట్టూ చర్మం ముడుచుకుంటూ వచ్చి చాలావరకు తనే మూసేస్తుంది. అరచెయ్యి పట్టేంత ఛాతీ గాయం చివరికి చిన్న గీతలా మిగలడం నేను చూశాను. అలాంటి గాయానికి ఏం రాసినా పేరు ఆ మందుకే దక్కుతుంది. పీఆర్పీ గొప్పగా పనిచేసిందని మీకు చెప్పినవాళ్ళ గుర్రానికి గాయం ఎక్కడయిందో ఒకసారి కనుక్కోండి.

మోకాలికీ హాక్‌కీ కింద లెక్క వేరు. అక్కడ చర్మం బిగుతు, కింద కండరం లేదు, గుర్రం అడుగు వేసినప్పుడల్లా అంచులు లాగుతాయి. మొదటి పది పదిహేను రోజులు గాయం తగ్గకపోగా పెద్దదవుతుంది, యజమానులు బెంబేలెత్తేది అప్పుడే. ఆ తర్వాత మూసుకోవాల్సింది ప్రధానంగా అంచు నుంచి పాకే పలచటి కొత్త చర్మంతోనే. ఒంటి మీద అది రోజుకు సుమారు 0.2 మిల్లీమీటర్లు పాకితే కాలి కింది భాగంలో 0.09 దగ్గర ఆగుతుంది. అంటే ఒక సెంటీమీటరు రావడానికి నూరు రోజులు పైనే. నెలలో మానుతుందని ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్ళ ముందు పెట్టండి.

పైగా గుర్రం కాలి గాయంలో మొదటి వాపు బలహీనంగా మొదలై ఎంతకీ ఆరదు. చిన్నజాతి పోనీల్లో అది గట్టిగా మొదలై త్వరగా ముగుస్తుంది, అందుకే వాటి గాయాలు గుర్రాల కంటే తొందరగా మానతాయి. కాలి గాయంలో టీజీఎఫ్-బీటా కూడా తగ్గాల్సిన సమయానికి తగ్గకుండా ఉండిపోతుంది. కండ పెరుగుతూనే ఉంటుంది, కొత్త చర్మం ఆ ఎత్తు ఎక్కలేక అంచు దగ్గరే నిలిచిపోతుంది. ఇక్కడికి పీఆర్పీ తెచ్చి పోస్తే అదే కారకాన్ని ఇంకొంత పోసినట్టే.

ఇది నా ఊహ కాదు. 2003లో ఒక థరోబ్రెడ్ గుర్రం కాళ్ళ మీద పీఆర్పీ జెల్ పరీక్షించి బాగుందని రాశారు, కానీ అది ఒక్కటే గుర్రం. 2009లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరు గుర్రాల ముందుకాళ్ళ మీద, ఒక కాలికి పీఆర్పీ, రెండో కాలికి ఉత్త కట్టు, ఇలా పోల్చి చూశారు. పీఆర్పీ వేసిన గాయాల్లో దుర్మాంసమే ఎక్కువ పెరిగింది, మొదటి వారాల్లో మానడం నెమ్మదించింది. చాలా చర్మం పోయిన గాయాలకో, ఎంతకీ కదలని పాత గాయాలకో ఇది నప్పవచ్చునని వాళ్ళే అన్నారు. నాకు కనబడిందీ దాదాపు అదే.

కాబట్టి ముందు ఎక్స్‌రే. ముళ్ళకంచె గాయాల్లో ఎముక మీది పొర చిరిగితే, కొన్ని వారాలకు ఎముక పెచ్చు చచ్చి లోపల ఉండిపోతుంది. అది ఉన్నంతకాలం పైన మీరేం చేసినా చీము కారుతూనే ఉంటుంది. కండ మీద మొటిమల్లా గరుకుగా ఉంటే సార్కాయిడ్ అనే చర్మపు గడ్డ కావచ్చు, ఈగల కాలంలో మొదలై లోపల పసుప్పచ్చటి రవ్వలు కనిపిస్తే హాబ్రోనిమా పురుగు కావచ్చు. అనుమానముంటే చిన్న ముక్క పరీక్షకు పంపమనండి.

కండ కోయడానికి భయపడకండి. దానిలో నరాలుండవు, కోస్తే గుర్రానికి నొప్పి తెలియదు. రక్తం మాత్రం ధారగా కారుతుంది, చూస్తే మీకు కళ్ళు తిరగొచ్చు, దూరంగా నిలబడండి. కదలకుండా మత్తు ఇస్తారు. బ్లేడు కింది నుంచి పైకి నడిపితే కారే రక్తం కోసే చోటుకి అడ్డు రాదు. చర్మం ఎత్తుకి సమంగా కోసి, అంచున ఉన్న గులాబీ రంగు సన్నటి పట్టీని ముట్టుకోకుండా వదలాలి, కొత్త చర్మం అదే. మీ మైలుతుత్తం చేసే పెద్ద నష్టం అక్కడే: దుర్మాంసాన్ని మాడ్చేటప్పుడు ఆ పట్టీని కూడా మాడ్చేస్తుంది. ఇవాళే ఆపేయండి. కోశాక బిగువైన కట్టు, మళ్ళీ లేస్తుంటే డాక్టరు చూసి కొద్దికాలం స్టెరాయిడ్ పూత. గుర్రాన్ని తిప్పకుండా శాలలోనే ఉంచండి. సయీసుకి (గుర్రాన్ని చూసుకునే పనివాడికి) ఈ మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే సాయంత్రం ఒక రౌండు తిప్పేస్తాడు.

గాయం వెడల్పు రెండు మూడు సెంటీమీటర్లు దాటి ఉంటే చర్మం నాటించడమే మేలు. మెడ మీద జూలు కింది నుంచి మూడు మిల్లీమీటర్ల ముక్కలు తీసి, సమం చేసిన ఎర్రటి కండలో వరసగా చిన్న జేబులు చేసి దూర్చడం. మత్తు, ఆ చోటు మొద్దుబారే లోకల్ ఇంజెక్షను ఇచ్చి నిలబెట్టే చేయొచ్చు. కొన్ని పట్టవు, ఫర్వాలేదు. పట్టిన ప్రతిదాని చుట్టూ కొత్త చర్మం పాకుతుంది. పీఆర్పీ ఇష్టమైతే అప్పుడు వేయించండి, నాట్ల కింద వేసినప్పుడు నాకు నష్టం కనిపించలేదు. అది వేయనివి కూడా పట్టాయి గనుక ఎంత మేలు చేసిందో గట్టిగా చెప్పను. వేసేవాళ్ళని రెండు అడగండి: ప్లేట్‌లెట్ల లెక్క చూశారా, రక్తం తీసిన దగ్గర్నుంచి మొత్తం స్టెరైల్‌గా చేస్తారా? లెక్క చూడకపోతే మీరు డబ్బు పెట్టేది ఉత్త ప్లాస్మాకి కూడా కావచ్చు.

ధనుర్వాతం టీకా గురించి మీరేమీ రాయలేదు. గుర్రానికి అది మిగతా పశువుల కంటే సులువుగా వస్తుంది, వస్తే బతకడం కష్టం. ఎప్పుడు వేయించారో తెలియకపోతే ఎక్స్‌రేకి వచ్చే డాక్టరుని అదే రోజు చూడమనండి.

కండ కోయించాక కట్టు మార్చేటప్పుడు గాయం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. నాటాలా, వదిలేయొచ్చా అన్నది ఆ వెడల్పు చూసి చెప్తాను.