పళ్ళు కొరికే అల్లుడికి

అల్లుడా,

నిద్రలో పళ్ళు పటపటా కొరుకుతున్నావని అమ్మాయి ఫోన్లో చెప్పింది. పొద్దున కణతలు గుంజుతున్నాయట, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందట. మీ నాయనమ్మ నులిపురుగుల మందు వేసుకోమన్నదని నవ్వొచ్చింది. నీకున్నది పురుగులు కాదు, ఏనుమాముల మిర్చి మార్కెట్ టెన్షన్.

మిర్చి సీజన్ అయ్యాక చూపించుకుంటానంటే ఒప్పుకోను. పన్ను పైపొర ఎనామిల్ ఒంట్లో అన్నిటికన్నా గట్టిదే కానీ అరిగితే మళ్ళీ రాదు. దాన్ని చేసే కణాలు పన్ను పైకి వచ్చేసరికే పోతాయి.

ముందు పగటి సంగతి చూసుకో. రేటు కోసం ఫోను చెవికి పెట్టుకున్నప్పుడు, బండి నడిపేటప్పుడు దవడ బిగిసి ఉందా గమనించు. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తాకనక్కర్లేదు. పెదాలు మూసి, పళ్ళు ఎడంగా, నాలుక కొస 'న' అనబోయే చోట ఉంచాలి. అడ్తి దుకాణంలో గల్లాపెట్టె మీద ఎర్ర చుక్క ఒకటి అంటించుకో. కంటపడ్డప్పుడల్లా దవడ వదులు చెయ్యి.

రాత్రికి మాత్రం పళ్ళకు తొడుక్కునే నైట్‌గార్డు కావాలి. నేను ఏళ్ళుగా పెట్టుకుంటున్నాను. అది కొరుకుడును ఆపదు, పళ్ళ బదులు తాను అరుగుతుంది, అంతే. ఆన్‌లైన్‌లో దొరికే మెత్తటిది కొనకు. అది సరిగ్గా కూర్చోదు, కొందరు దాన్ని ఇంకా గట్టిగా నమలడం మొదలుపెడతారు. హన్మకొండలోనో వరంగల్‌లోనో నీకు అనువైన పళ్ళ డాక్టర్‌తో అచ్చు తీయించి, గట్టిది చేయించుకో. పెట్టుకున్నాక ఒక పక్కే ముందుగా తగులుతుంటే సిగ్గుపడకుండా మళ్ళీ వెళ్ళి సరిచేయించు. మొదట్లో జొల్లు కారుతుంది, అదే తగ్గిపోతుంది. పొద్దున చన్నీళ్ళతో, మెత్తటి బ్రష్‌తో కడుగు. వేడినీళ్ళు పోస్తే వంకర తిరిగి పనికిరాదు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్ళినా దాన్ని వెంట తీసుకెళ్ళు, ఎక్కడ అరిగిందో ఆయనకు తెలుస్తుంది.

పొద్దుగూకినాక చాయ్ మానెయ్యి. మందు, సిగరెట్ కూడా దీన్ని పెంచుతాయి, ఆ ముచ్చట నీకు నేను కొత్తగా చెప్పాలా? దవడ నొప్పి తగ్గేదాకా సకినాలు, వక్క వద్దు. అరిగిన పళ్ళను బొగ్గుపొడితో అసలే తోమకు.

మనసు బాగాలేదని వాడే కొన్ని మాత్రల వల్ల కూడా పళ్ళు కొరకడం వస్తుంది. అలాంటివి వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపకు, రాసిచ్చిన డాక్టర్‌కు చెప్పు. ఇంకొకటి, నువ్వు గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడుతున్నావా, అమ్మాయిని అడుగు. అవునంటే గార్డు కన్నా ముందు నిద్ర పరీక్ష చేయించాలి. ఏ సంగతైనా నాకు ఈ వారంలోనే ఫోన్ చేసి చెప్పు.

మీ మామ