పేరా మారినా మాట తెగకూడదు

చిట్టితల్లీ,

నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. విషయం నీకు బాగా తెలుసు, అందులో సందేహం లేదు. కానీ వలసల వ్యాసంలో ఏడు పేరాలుంటే నాలుగు "అలాగే"తో మొదలయ్యాయి, రెండు "మరోవైపు"తో. ఇన్నేళ్లు జవాబు పత్రాలు దిద్దినవాడిగా చెబుతున్నాను. పేరా పేరాకూ "అలాగే" కనబడితే, వెనకటి పేరాతో దీనికేం సంబంధమో రాసినవాళ్లే ఆలోచించలేదని దిద్దేవాళ్లకు తెలిసిపోతుంది.

తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సేలో 3 గంటలకు 3 వ్యాసాలు. ఒక్కోటి వెయ్యి పదాలు, 50 మార్కులు. అంటే ఒక్కోదానికి గంట. టెన్షన్‌లో వెంటనే రాయడం మొదలుపెట్టాలనిపిస్తుంది, పెట్టకు. మొదటి ఎనిమిది నిమిషాలు పేరాకు ఒక మాట చొప్పున రఫ్‌గా రాసుకో: వాన, పని, వలస, బడి, చట్టం. ఒక మాట నుంచి పక్క మాటకు "కాబట్టి" అనో "అయినా" అనో పెట్టి లోలోపల చదువు. వాన లేదు కాబట్టి పని లేదు, పని లేదు కాబట్టి వలస, వలస వెళ్లారు కాబట్టి బడి మానేశారు. ఇక "చట్టం" దగ్గర ఏదీ అతకదు. అలా అతకని చోట తప్పు అతుకుది కాదు, వరసది. నీ ఉపాధి హామీ పేరా బడి తర్వాత వచ్చింది, అది పని పక్కన ఉండాల్సింది. 2005 నాటి చట్టం గ్రామీణ కుటుంబానికి ఏటా 100 రోజుల పనికి హామీ ఇచ్చింది, అయినా పాలమూరు కూలీలు ముంబై, పుణె బాట పట్టారు అని అక్కడ రాస్తే, వలస పేరా దానంతటదే మొదలవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ పేరా ఒకటి ఇలా ముగిసింది: "కుటుంబాలు ఆరు నెలల పాటు ఊరు విడిచి వెళ్తున్నాయి." తర్వాతిది ఇలా మొదలైంది: "అలాగే పిల్లల చదువు దెబ్బతింటోంది." దీన్ని ఇలా మార్చి చూడు: "పెద్దలతో ఊరు విడిచిన పిల్లలు ఆ ఆరు నెలలూ బడికి దూరమవుతున్నారు." వాక్యం చివర ఉన్న క్రియే "విడిచిన" అయి పిల్లల పక్కకు వచ్చింది చూశావా? వెనకటి పేరా మొత్తం ఒక్క మాటలో ఇమిడిపోయింది. తెలుగు మీడియంలో రాస్తున్నందుకు బెంగపడుతున్నావు గానీ, చేసిన, చూసిన, విడిచిన అనే ఈ రూపాలు నీకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. వాడుకో.

"దీనివల్ల" అని మొదలుపెట్టాలనిపిస్తే, దేనివల్లో పేరు పెట్టి రాయి. "ఈ సమస్య" అనకు, "ఈ ఆరు నెలల ఖాళీ" అను. "అయితే"ని నిజంగా ఎదురు మాట చెప్పేటప్పుడే వాడు. "కాగా" వార్తలకు సరిపోతుంది, నీకొద్దు.

రాసేటప్పుడు వెనక్కెళ్లి అంతా చదివే టైమ్ ఉండదు. కొత్త పేరా మొదలుపెట్టే ముందు పైనున్న చివరి వాక్యం ఒక్కటీ చదువు, చాలు. టైమ్ అయిపోతుంటే ముగింపు పేరా కోసం కొత్త ఆలోచన వెతక్కు. మొదటి పేరాలోని ఒక మాటను, నీ వ్యాసంలో అయితే వాననే, మళ్లీ అందుకుని అక్కడి నుంచి రాయి.

రోజూ పేపర్లో సంపాదకీయం చదువుతావు కదా. ప్రతి పేరా మొదటి వాక్యాన్ని అట్టముక్కతో కప్పి, అక్కడ ఏం ఉంటుందో నువ్వు రాసి, తీసి చూసుకో. నెల రోజులు చేస్తే నీకే తేడా తెలుస్తుంది.

వలసల వ్యాసం మళ్లీ మొత్తం రాయొద్దు. ప్రతి పేరా చివరి వాక్యం, దాని తర్వాతి పేరా మొదటి వాక్యం, ఆ జతలు మాత్రం రాసి ఆదివారం లోపు పంపు. నేను చూస్తాను.

మీ మామయ్య