గల్లా పెట్టె దగ్గర ఎందుకమ్మా మొహమాటం?

ప్రశ్న: టైలరింగ్ షాపు నడుపుతున్నాను. నా దగ్గర ముగ్గురు అమ్మాయిలు పని చేస్తున్నారు. గిరాకీ బాగానే ఉంది. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టదు, గుండె దడ. పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. మా వారు చాలా మంచివారు, షాపు పెడతానంటే అడ్డు చెప్పలేదు. సాయంత్రం వచ్చి గల్లాలోంచి కావలసినంత తీసుకుంటారు, నేను లెక్క అడగను. మొన్న మెటీరియల్ ఇచ్చే ఆయన బాకీ కోసం ఫోన్ చేస్తే, మోగుతున్న సెల్‌ను బట్టల కిందికి తోసేశాను. టెన్షన్ తగ్గడానికి ధ్యానం మంచిదా, యోగా మంచిదా? నిద్రమాత్రలు వేసుకోవచ్చా?

జవాబు: ధ్యానమో యోగానో, మీకు ఏది కుదిరితే అది చేయండమ్మా. దాని గురించి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. మీ ఉత్తరంలో 'నేను లెక్క అడగను' అని ఒక మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

అర్ధరాత్రి దాకా మిషన్ తొక్కి, పడుకోగానే ఒళ్లెరగక నిద్రపోయే ఆడవాళ్లు ఎంతోమంది ఉన్నారు. బాధ్యతంతా మన నెత్తిన ఉండి, పగ్గాలు ఇంకొకరి చేతిలో ఉన్నప్పుడే ప్రాణం విసిగిపోతుంది. 1979లో రాబర్ట్ కరాసెక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఉద్యోగుల గురించి ఇదే చెప్పాడు: పని భారం ఎక్కువగా, నిర్ణయాధికారం తక్కువగా ఉన్నచోట మనిషి బాగా నలిగిపోతాడని. మీరు షాపుకు యజమాని అయ్యుండి కూడా అదే స్థితిలో ఉన్నారు. నాకు కష్టంగా అనిపించింది అదే.

గల్లాలో కనబడే డబ్బంతా మీది కాదు. అందులో కస్టమర్లు ఇచ్చిన అడ్వాన్సులు ఉన్నాయి. బట్ట కుట్టి చేతిలో పెట్టేదాకా అది వాళ్ల సొమ్మే. లైనింగ్, దారాలు, జిప్పుల బాకీ ఉంది. అమ్మాయిల జీతాలు ఉన్నాయి. ఇవన్నీ పోగా మిగిలిందే మీ సంపాదన. మీ వారు సాయంత్రం చేయి పెట్టి తీసుకునేది లాభమో, రేపు తిరిగి ఇవ్వాల్సిన అడ్వాన్సో ఆయనకు తెలియదు. తెలిసింది మీకు. ఆ లోటు పూడ్చలేక, బాకీ వాళ్లకు ముఖం చాటేస్తున్నదీ మీరే.

ఆయన చెడ్డవారని నేననను. మీరు నోరు విప్పి చెప్పకపోతే ఆయనకేమైనా కలొస్తుందా? అడిగితే ముఖం ముడుచుకుంటారేమో, మంచి భార్య అన్న పేరు పోతుందేమో అని మీ భయం. భర్తను లెక్క అడగడం అమర్యాదని మనకు చిన్నప్పటినుంచీ నూరిపోశారు. నేను ఒప్పుకోను. మీ కష్టార్జితానికి మీరు కాపలా కాయకపోతే ఇంకెవరు కాస్తారు? అడ్డు చెప్పకుండా ఉండడమే గొప్ప సాయం అనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నారు, ఇక చాలు.

షాపు మూసేటప్పుడు, అందరి ముందూ ఎత్తకండి ఈ మాట. సెలవు రోజు తీరిగ్గా పుస్తకం ముందు పెట్టి కూర్చోబెట్టండి. అడ్వాన్సులు ఎంత, బాకీలు ఎంత, జీతాలు ఎంత అన్నది ఆయన చేతే కూడించండి. షాపుకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. మీకంటూ నెలకు ఒక జీతం రాసుకుని, ఇంటికి ఇచ్చేది అందులోంచే ఇవ్వండి. ఆయనకు అవసరమొస్తే అడిగి తీసుకుంటారు, పుస్తకంలో ఆయన పేరునే రాస్తారు. నాలుగు రోజులు అలిగితే అలగనివ్వండి. మీరు మాత్రం వెనక్కి తగ్గి మళ్లీ గల్లా తాళం ఇచ్చేయకండి.

మెటీరియల్ ఆయనకు మీరే ఫోన్ చేసి, ఏ తేదీకి ఎంత కడతారో చెప్పండి. వ్యాపారంలో ఉన్నవాళ్లు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు, ఫోన్ ఎత్తకపోతేనే నమ్మకం పోతుంది.

నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు. గుండె దడ అంటున్నారు కాబట్టి ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తున్నా కూడా దడ వస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించాలేమో అడగండి. వెళ్లేటప్పుడు మీ వారినీ వెంట తీసుకెళ్లండి, మీ ఒంట్లో ఏం జరుగుతోందో ఆయన కూడా వినాలి.