లెజియా వార్సాను సైన్యం జట్టు అని ఎందుకంటారు?

పోలండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లెజియా వార్సా పేరులోనే ఉంది సంగతి: లెజియా అంటే లీజియన్, అంటే సైనిక దళం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916లో పోలిష్ లీజియన్ల సైనికులు వొలీనియాలో (ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది) యుద్ధరంగం దగ్గరే కట్టుకున్న ఫుట్‌బాల్ జట్టిది. 1920లో వార్సాలో మళ్లీ మొదలైంది.

అసలు తమాషా కమ్యూనిస్టుల కాలంలో. అప్పుడిది అధికారికంగానే సైన్యం క్లబ్బు. కుర్రాళ్లందరికీ సైనిక సేవ తప్పనిసరి కాబట్టి, వేరే జట్లలో బాగా ఆడేవాణ్ని సైన్యంలోకి పిలిస్తే చాలు, లెజియాకి వచ్చి పడేవాడు. కాజిమీర్జ్ డేనా అనే ఆటగాడి కథ అదే: 1966లో వూచ్ నగరపు జట్టు ఎల్‌కేఎస్‌కి ఒకే ఒక్క లీగ్ మ్యాచ్ ఆడాడు, అంతలోనే పిలుపొచ్చింది. బదిలీ సొమ్ముకు బదులు కాల్ లెటర్ అన్నమాట! అతనితోనే 1969, 1970 లీగ్ టైటిళ్లు గెలిచారు, యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) సెమీఫైనల్‌కీ వెళ్లారు. ఇప్పుడు క్లబ్బు ప్రైవేటు చేతుల్లో ఉంది.