షోపాన్ వినడానికి పాత ప్లెయెల్ రికార్డింగా, స్టైన్‌వే రికార్డింగా?

పంతొమ్మిదో శతాబ్దపు పియానో స్వరకర్త షోపాన్ ప్రెల్యూడ్‌ల (చిన్న చిన్న పియానో రచనల) ఆల్బమ్ ఒక్కటే కొంటాను, ఆయన కాలపు ప్లెయెల్ అనే ఫ్రెంచ్ పియానోదా, ఇప్పటి స్టైన్‌వే కంపెనీ పియానోదా అని అడిగారు కదా. పాతదే తీసుకోండి. మొదట్లో చప్పగా ఉందే అనిపిస్తుంది, కొంచెం ఓపిక పట్టండి.

నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. సర్రీలో హాచ్‌ల్యాండ్స్ పార్క్ అనే పాత బంగళాలో 1848లో షోపాన్ లండన్‌కి వచ్చినప్పుడు తెచ్చుకున్న ప్లెయెల్ పియానో ఉంది. ఓ మధ్యాహ్నం అక్కడ పాత ప్లెయెల్ మీద 15వ ప్రెల్యూడ్ వాయించారు, అదే, 'వాన చినుకు' అంటారే, ఒకే స్వరం టప్ టప్‌మని పడుతూనే ఉంటుంది. మధ్యలో ఎడమచెయ్యి మంద్రంలోకి దిగే చోట స్టైన్‌వే రికార్డింగుల్లో ఒకటే ఉరుము, చినుకులూ అందులోనే కలిసిపోతాయి. ఇక్కడ మాత్రం కింది స్వరాలు కాస్త గరగరలాడి వెంటనే తగ్గిపోతున్నాయి, పైన చినుకు విడిగా వినిపిస్తోంది, మెట్టు వదిలినప్పుడు లోపల చెక్క టక్‌మనడం కూడా తెలుస్తోంది. నా పక్కాయన శ్రుతి తప్పిందేమో అని గొణుగుతూనే ఉన్నాడు, అలాంటివాళ్లు ఎక్కడికెళ్లినా ఒకరుంటారు.

కారణం తీగల్లోనే ఉంది. ప్లెయెల్‌లో అవి పక్కపక్కనే తిన్నగా సాగుతాయి, కాబట్టి మంద్ర, మధ్య, తార స్థాయిల్లో దేని గొంతు దానిదే. స్టైన్‌వే 1859లో పేటెంట్ తీసుకున్న పద్ధతిలో మంద్రం తీగలు మిగతావాటి మీదుగా అడ్డంగా వెళ్తాయి. దానికి గట్టి ఇనుప ఫ్రేమ్ తోడైతే పెద్ద హాలంతా నిండే నాదం వస్తుంది. షోపాన్‌కి పెద్ద హాళ్లంటేనే పడదు, మరి ఆయనకెందుకండీ అంత మోత?

అలాగని ఏది దొరికినా పాత పియానో మీదే వినాలనే భక్తులతో నాకు పడదు. రష్యన్ స్వరకర్త రహ్మానినోవ్ స్వయంగా స్టైన్‌వే వాయించినవాడు, ఆయన్ని తీసుకెళ్లి ప్లెయెల్ దగ్గర కూర్చోబెడితే ఎలా? అన్నిటికన్నా చిరాకు మ్యూజిక్ యాప్‌లతో. వాయించినవాళ్ల ఫొటో ఇంత పెద్దది పెడతారు, ఏ పియానోనో ఒక్క ముక్క రాయరు. పైగా కొన్ని రికార్డింగుల్లో చర్చిలో పెట్టి తీసినట్టు ప్రతిధ్వని, ఇక పాత పియానో అయితేనేం, కొత్తదైతేనేం.

వార్సా షోపాన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 1848 ప్లెయెల్, 1849 ఎరార్డ్ (అదీ ఆ కాలపు ఫ్రెంచ్ పియానోయే) మీద చేయించిన రికార్డింగుల సిరీస్ ఉంది, దాంతో మొదలుపెట్టండి. బస్సులో మాత్రం వద్దు. ఇంజిన్ మోతలో ప్లెయెల్ వినపడి చావదు, అక్కడికి స్టైన్‌వేనే కరెక్ట్.