కాఫ్కా, రాబిట్‌ఎంక్యూ: ఏది వేగం, ఏది వాడటం తేలిక?

కాఫ్కా, రాబిట్‌ఎంక్యూ రెండూ ఒక ప్రోగ్రాము పంపిన మెసేజ్‌లను ఇంకో ప్రోగ్రాముకు చేర్చే సాఫ్ట్‌వేర్లు. సెకనుకు లక్షల్లో మెసేజ్‌లు వచ్చిపడే చోట కాఫ్కాదే వేగం. మామూలు లోడు ఉండే అప్లికేషన్‌కు రాబిట్‌ఎంక్యూ తేలిక, మెసేజ్ అందడంలో ఆలస్యం కూడా తక్కువే.

తేడా అంతా మెసేజ్‌ను దాచే పద్ధతిలో ఉంది. కాఫ్కా కొట్లో చిట్టా పుస్తకం లాంటిది. వచ్చిన ప్రతి మెసేజ్‌ను డిస్క్ మీద ఫైలు చివర వరసగా రాసుకుంటూ పోతుంది. ఎంతవరకు చదివామో చూసుకునే పని చదివే ప్రోగ్రాములదే కాబట్టి బ్రోకర్ (మధ్యలో ఉండి మెసేజ్‌లు చేరవేసే సర్వర్) మీద భారం తక్కువ. చదివినంత మాత్రాన మెసేజ్ పోదు, సెట్టింగ్ మార్చకపోతే 7 రోజులు ఉంటుంది. రాబిట్‌ఎంక్యూలో మామూలు క్యూ (మెసేజ్‌లు వరసలో ఆగే చోటు) అలా కాదు. ఏ మెసేజ్ ఏ క్యూకి వెళ్లాలో బ్రోకరే చూసి, అందించి, అందిందన్న జవాబు రాగానే తీసేస్తుంది. ఒక్కో మెసేజ్‌కు ఇంత లెక్క ఉంటే మొత్తం వేగం తగ్గక తప్పదు.

ఆర్డర్ పెట్టగానే కస్టమర్‌కు ఎస్సెమ్మెస్ వెళ్లాలంటే రాబిట్‌ఎంక్యూ చాలు, పంపడం కుదరకపోతే మళ్లీ క్యూలో పెట్టొచ్చు. అవే ఆర్డర్లను బిల్లింగ్, స్టాక్ విభాగాలు ఎవరికి వారు, పాతవి కూడా తిరగేసి చదవాలంటే కాఫ్కా కావాలి.

కాఫ్కా వేగం కాబట్టి అన్నిటికీ అదే మేలనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కాఫ్కాలో మెసేజ్‌ల చిట్టాను పార్టిషన్లు అనే భాగాలుగా విడగొడతారు. మామూలు కన్స్యూమర్ గ్రూపులో, అంటే పని పంచుకుని చదివే ప్రోగ్రాముల గుంపులో, ఒక పార్టిషన్‌ను ఒక్కరే చదవగలరు. 3 పార్టిషన్లు పెట్టి 10 వర్కర్లను (చదివే ప్రోగ్రాములను) నిలబెడితే 7 ఖాళీగా కూర్చుంటాయి. ఒకప్పుడు కాఫ్కా నడవాలంటే పక్కన జూకీపర్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ను కూడా నడపాల్సి వచ్చేది, ఆ టెన్షన్ మాత్రం 2025లో వచ్చిన కాఫ్కా 4.0 వెర్షన్‌తో పూర్తిగా పోయింది.