అటకెక్కిన లక్కపిడతలు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఏటికొప్పాకలో కొన్న లక్కపిడతలతో పొద్దస్తమానం వంట చేస్తుంటాడు. వాళ్లక్క బొమ్మకు జడ వేస్తాడు. మొన్న 'పెద్దయ్యాక నేను అమ్మనవుతా' అన్నాడు. మా అత్తగారు కంగారుపడి పిడతలు అటక మీద పెట్టించారు. మావారు క్రికెట్ బ్యాట్ తెచ్చారు. వాడు దాంతో ఉత్తుత్తి పప్పు కలుపుతున్నాడు! రేపు వీడెలా తయారవుతాడోనని భయంగా ఉంది.
- ఒక తల్లి, అనకాపల్లి

జవాబు: ముందు ఆ పిడతలు కిందకు దించండమ్మా. ఇంట్లో రోజూ కళ్లముందు జరిగే పనినే వాడు ఆడుతున్నాడు. మీ అత్తగారికి ఒక మాట గుర్తుచేయండి: పెళ్లిళ్లలో గాడిపొయ్యి మీది గుండిగలు దించేది మగవాళ్లే. వాళ్లనెవరూ ఏమీ అనరు.

'అమ్మనవుతా' అన్నందుకూ బెంగ వద్దు. తాము అబ్బాయో అమ్మాయో పిల్లలు రెండు మూడేళ్లకే చెప్పేస్తారు. బట్టలు మార్చినా, జుట్టు పెంచినా అది మారిపోదని తెలియడానికి మాత్రం ఆరేడేళ్లు రావాలి. అమెరికా మనస్తత్వవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లోనే ఈ సంగతి వివరించారు. మీవాడు ఇంకా ఆ మధ్యలో ఉన్నాడు.

బొమ్మల ఇష్టంలో పుట్టుకతో వచ్చేది ఏమీ లేదని నేననను. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల లోపం వల్ల కడుపులో ఉండగానే ఆండ్రోజెన్ హార్మోన్లు (మగ లక్షణాలను పెంచేవి) ఎక్కువైన ఆడపిల్లలు మిగతావాళ్లకంటే కార్లు, లారీలతో ఎక్కువ ఆడతారని పరిశోధనల్లో తేలింది. అయినా వాళ్లలో ఎక్కువమంది తాము ఆడవాళ్లమనే అనుకుంటూ పెరుగుతారు. ఏ బొమ్మ నచ్చిందన్నది వేరు, తానెవరన్నది వేరు.

మీవారికి కూడా చెప్పండి, బ్యాట్ తెచ్చినందుకు తప్పు పట్టను. ఆ పిడతల్లోంచి ఓ గ్లాసు ఉత్తుత్తి కాఫీ అడిగి తాగమనండి. వెక్కిరిస్తే మాత్రం పిల్లాడు ఆట మానడు, చాటుగా ఆడతాడు. తర్వాత మరేదీ మీతో చెప్పడు.

2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా ఆటలు, ఇష్టాలు వేరుగా ఉన్నంత మాత్రాన పిల్లల మీద ఏ ముద్రా వేయకూడదంటోంది. 'నేను అబ్బాయిని కాను' అని దాదాపు రెండేళ్లపాటు గట్టిగా పట్టుబట్టడం, తన ఒంటిమీద తనకే అయిష్టం కలగడం లాంటివి చూడాలి. మీ ఉత్తరంలో అవేవీ లేవు. ముందుముందు కనిపించినా అది మానసిక జబ్బు కాదు, ఐసీడీ-11లో దాన్ని మానసిక జబ్బుల జాబితాలోంచి తీసేశారు. అప్పుడు తాయెత్తులు కట్టించకుండా పిల్లల మానసిక నిపుణులతో మాట్లాడండి.